చేసిందే చేయనన్న మనిషి

ఆమె పోయిందని వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు ఫ్యాక్టరీలో ఉన్నాను. కిడ్నీల జబ్బుతో కొంతకాలంగా బాధపడుతోందని తెలుసు కాబట్టి వినరాని మాట విన్నట్టు అనిపించలేదు గానీ, ఫోను పెట్టేశాక పని మీదికి చెయ్యి పోలేదు. లేచి టీ తాగే చోటికి వెళ్లాను. మేనేజరు అక్కడే ఉన్నాడు. విషయం చెబితే కాసేపు గుర్తు తెచ్చుకున్నాడు.

"అయ్యో పాపం. పనిమంతురాలప్పా. రోంత కోపం జాస్తి, అంతే. ఏదో ప్రోగ్రాం గూడా చేసిండె గదా, బాగుండె" అన్నాడు. గ్లాసు తొట్టిలో పడేసి తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ 'ఏదో ప్రోగ్రాం'ను ఆపించినవాడు ఆయనే. ఆ సంగతి ఆయన మరిచిపోయాడో, మరిచినట్టు నటించాడో నాకు తెలియదు. ఏదైనా నాకు ఒళ్లు మండింది. ఆమె గురించి ఎవరు మాట్లాడినా చివరికి కోపం దగ్గరే ఆగుతారు. ఆ కోపం ఎక్కడినుంచి పుట్టిందో ఒక్కరూ చెప్పరు. చెప్పాలంటే తమ సంగతి కూడా చెప్పుకోవాలి మరి.

పేరు రాయను. ఆఫీసులో అందరికీ ఆమె మేడమ్. నాకు రైల్లో అక్క.

మాది పెనుకొండ, ఆమెది ధర్మవరం. పనిచేసింది హిందూపురంలో, కరెంటు ప్యానెళ్లకు ఇనుప పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో. పొద్దున ప్యాసింజరులో ఆమె ధర్మవరంలో ఎక్కి వచ్చేది, నేను పెనుకొండలో ఎక్కేవాణ్ణి. ఆమె పక్కన ఎప్పుడూ ఒకరు కూర్చునే జాగా ఉండేది. నాకోసం అట్టిపెట్టిందని మొదట్లో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఎవరైనా వచ్చి కూర్చుంటే ఆమె చూసే చూపుకు వాళ్లే లేచి వెళ్లిపోయేవాళ్లని.

పట్టుచీరల ఊరి మనిషి. నాయన మగ్గం నేసేవాడు. ఆమె మాత్రం ఏడాది పొడవునా ఒకే బూడిదరంగు చుడీదారు. ఒకటే అనుకునేరు, ఒకే రంగువి చాలా కుట్టించి పెట్టుకుంది. పొద్దున్నే ఏం కట్టుకోవాలని ఆలోచించే పని తప్పుతుందట. క్యారియర్లో రోజూ చిత్రాన్నమే. ఏం వండాలనే ఆలోచన తప్పుతుందట. మధ్యాహ్నం మేమంతా కూరలు మార్చుకుంటూ తింటుంటే ఆమె నిలబడే, గబగబా నాలుగు ముద్దలు తినేసి డబ్బా మూసేది. రుచి గురించి ఎవరైనా ఎత్తితే, నాలుక్కి ఏం తెలుసు, అది నిన్నటిది మరిచిపోతాది, అనేది.

ఆమెకు ఒకటే పడేది కాదు. చేసిన పనినే మళ్లీ చేయడం. "ఒగసారి తెలిసిన పనిని మనిషి మళ్ల మళ్ల చేతుల్తో చేస్తాండాడంటే ఆ మనిషికి ఏదో శాపముండాది" అనేది. మగ్గం మీద చీరకు బుటాలు పడేది చూసి పెరిగిన మనిషి. అట్టలకు ఒకసారి బెజ్జాలు కొట్టించుకుంటే చీర పొడవునా బుటా దానంతటదే పడుతుంది, మా నాయనకు లేని ఖర్మ నాకెందుకు, అని రైల్లో చాలాసార్లు అంది.

ఆ ఖర్మ ఏమిటో చెప్పాలి.

ఇనుప పెట్టె ఏదైనా ముందు చదునైన రేకే. దాన్ని ఒక మిషను కోస్తుంది, ఇంకో మిషను మడుస్తుంది. పెట్టె ఎలా ఉండాలో మేము మొదట కంప్యూటర్లో మోడల్ తయారుచేస్తాం. ఆ మోడల్ మడతలన్నీ విప్పి, రేకును చాప పరిచినట్టు పరిస్తే ఎలా ఉంటుందో ఒక పటం తీస్తాం. దాన్ని ఫ్లాట్ ప్యాటర్న్ అంటారు. వర్క్‌షాపులోకి వెళ్లేది ఆ పటమే. దాని మీద ప్రతి మడత గీత దగ్గరా రాయాలి: పైకి మడవాలా, కిందికి మడవాలా, ఎంత కోణం, మూల ఎంత గుండ్రంగా ఉండాలి. ప్రతి రంధ్రం దగ్గరా రాయాలి: ఊరికే రంధ్రమా, బోల్టు పట్టేట్టు లోపల మర కోయాలా, ఏ వైపు నుంచి కోయాలి. రేకు మందమెంత, ఏ ముఖం మీద గీతలు పడకూడదు, అదీ రాయాలి. పటాన్ని కంప్యూటరే విప్పి పెట్టేది. ఈ రాతలన్నీ మాత్రం మేము చేత్తో టైపు కొట్టేవాళ్లం.

పెద్ద తలుపు రేకు ఒకటి వచ్చిందంటే మధ్యాహ్నం దాకా అదే పని. టైపు కొట్టి, మెడ నొప్పితో లేచి నిలబడేసరికి పెట్టెలు కొనే బెంగళూరు వాళ్లనుంచి ఫోను వచ్చేది, పెట్టె వెడల్పు కొంచెం పెంచమని. వెడల్పు మార్చగానే పటం మారేది. గీతలు కొత్త చోటికి జరిగేవి, మేము కొట్టిన రాతలు పాతచోటే గాల్లో వేలాడేవి. ఆమె వాటిని అనాథలనేది. "చూడప్పా, అమ్మ ఆడికి పాయ, బిడ్డ ఈడనే ఉండాది" అని ఒక్కొక్కదాన్నే పట్టుకుని లాగేది. లాగుతున్నంతసేపూ నాలుక చప్పరించేది. ఆ చప్పుడుకు గదిలో పని చేస్తున్న మిగతావాళ్లకు మనశ్శాంతి ఉండేది కాదు.

ఆమె వాదన చిన్నది. మడత పైకో కిందికో కంప్యూటరుకు తెలియకపోతే అది పటాన్ని ఎలా విప్పింది? తెలుసు కాబట్టే విప్పింది. తెలిసినదాన్ని అడిగి రాయించుకోక మనమెందుకు టైపు కొడుతున్నాం? అంతే. ఈ మాట పట్టుకుని ఆమె ఆదివారాలు ఇంట్లో కూర్చుని ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టింది. ఎవరూ అడగలేదు. ఎవరూ నేర్పలేదు కూడా. సాఫ్ట్‌వేరు వాళ్లిచ్చిన సహాయం పేజీలు చదువుకుంటూ, రానిది నన్ను అడిగి, నాకు రాదని తెలుసుకుని విసుక్కుంటూ నేర్చుకుంది.

ఒకరోజు రైల్లో వేయించిన వేరుశెనగ విత్తనాలు కొన్నాం. తిన్నాక ఆమె పొట్లం కాగితాన్ని విప్పి ఒళ్లో పరిచింది. ఒక మడతను వేలితో చూపించి, ఇది పైకి మడిచిందా, కిందికి మడిచిందా చెప్పమంది. పైకి అన్నాను. కాగితం తిరగేసింది. ఇప్పుడు? కిందికి అన్నాను. "కాగితమూ మారలేదు, మడతా మారలేదు. మనం ఏ పక్కనుంచి చూస్తాండామో అది మారె. ఇదొక్కటి దానికి చెప్పేకి నా తల పగుల్తాండాది" అంది. ఎదురు సీట్లో కూర్చున్న ముసలాయన ఆమె వైపు, నా వైపు చూసి, మూట పట్టుకుని పక్కకు జరిగాడు.

కంప్యూటరుతో తగువు అంత కష్టం కాలేదు. మనుషులతోనే వచ్చింది.

మా గదిలో అందరికంటే పాతమనిషి గోవిందప్ప. యజమానికి వరసకు బావ అవుతాడు. చెయ్యి తిరిగిన డ్రాఫ్ట్స్‌మనే, చెడ్డవాడూ కాదు. కానీ తను గీసే పద్ధతి దేవుడు చెప్పిన పద్ధతి అనుకుంటాడు. మర కోయాల్సిన రంధ్రాన్నయినా, ఊరికే ఉండే రంధ్రాన్నయినా మోడల్లో ఆయన ఒకేలా గుండ్రంగా తొలిచేవాడు. ఏది ఏదో ఆయనకు తెలుసు కాబట్టి తర్వాత చేత్తో రాసేవాడు. ప్రోగ్రాంకు అది తెలిసే దారి లేదు. ఆమె వెళ్లి, మోడల్లో తొలిచేటప్పుడే ఇది మర రంధ్రం అని పేరు పెట్టమని అడిగింది. చూస్తే తెలియడంలేదా అన్నాడాయన. "నీకు తెలుస్తాదన్నా. దానికెట్ల తెలుస్తాది?" అంది. ఇన్నేళ్లుగా ఇట్లనే గీస్తున్నామన్నాడు. "ఇన్నేండ్లుగా ఇట్లనే గీసి, ఇట్లనే మెడలు పట్టుకోని ఇంటికి పోతాండాం" అని ఆమె వచ్చేసింది.

ఆ తర్వాత ఆమె అడగడం మానలేదు. రోజూ పోయి ఆయన కుర్చీ వెనక నిలబడేది. పేరు పెట్టినావా అన్నా? రేపట్నించి పెడతాలేమ్మా. మర్నాడు మళ్లీ. పేరు పెట్టినావా? మేనేజరుతో చెబితే, చూద్దాం అన్నాడు. ఆయన నోటినుంచి ఎక్కువగా వచ్చే మాట అది. "చూద్దాం అనేటోనికి కండ్లుండవు" అని ఆమె మా అందరి ముందే అంది. ఆ మాట మేనేజరు దాకా పోవడానికి ఎంతసేపో పట్టలేదు.

చివరికి గోవిందప్ప మోడళ్లలో రంధ్రాల పేర్లన్నీ తనే కూర్చుని పెట్టుకుంది. చేసిన పని మళ్లీ చేయడమంటే ప్రాణం పోయే మనిషి, ఇంకొకరు చేసిన పని మళ్లీ చేసింది.

ప్రోగ్రాం మొదటిసారి మా అందరి ముందూ నడిచిన రోజు నాకు బాగా గుర్తు. ఒక ప్యానెలు తలుపు పటం తెరిచింది. ఒక మీట నొక్కింది. కాసేపు ఏమీ కాలేదు. ఎవరో నవ్వబోయారు. అంతలో మడత గీతల పక్కన రాతలు ఒక్కొక్కటే వచ్చి కూర్చోవడం మొదలైంది. పైకి, తొంభై. కిందికి, తొంభై. రంధ్రాల పక్కన మర కొలతలు. కింద మూలన రేకు మందం. ఆమె తెర వైపు చూడలేదు, మా ముఖాల వైపు చూసింది. తర్వాత మోడల్లో వెడల్పు మార్చి మళ్లీ నొక్కింది. రాతలన్నీ గీతల వెంట కదిలి వచ్చాయి. ఒక్క అనాథ కూడా మిగల్లేదు.

ఆ ప్రింటు తీసుకుని కిందికి, మడతల మిషను దగ్గరికి వెళ్లాం. మేస్త్రి ఓబులేసు కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. అక్షరాలు చిన్నవైనాయమ్మా అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. ఆమె పైకి వచ్చి అక్షరాలు పెద్దవి చేసింది. ఆ సాయంత్రం రైలు పెనుకొండ చేరింది. నేను దిగబోతుంటే, బాగుందని ఒక్కనికన్నా నోరు రాలేదు చూడప్పా, అంది. నేను బాగుందన్నాను. నువ్వు ఇప్పుడంటే ఏం లాభం, అని ముఖం తిప్పుకుంది. ఆమెతో అదొక కష్టం. మంచిమాట చెప్పినా తగిన సమయానికే చెప్పాలి.

కొన్ని నెలలు సాఫీగా జరిగింది. మెడనొప్పులు తగ్గాయి. మేనేజరు బెంగళూరు వాళ్లకు ఫోన్లో, డ్రాయింగులు సాయంత్రానికే పంపిస్తామని గొప్పగా చెప్పుకునేవాడు. తర్వాత తిరకాసు మొదలైంది.

ఒక ఆర్డరుకు చేసిన మూత రేకులన్నీ లోపలిది బయటికి, బయటిది లోపలికి మడతపడ్డాయి. రంగు కూడా వేసేశాక, బిగించే దగ్గర తెలిసింది. కీలు ఉండాల్సిన చోట గొళ్లెం రంధ్రాలున్నాయి. ఒక్కటి కాదు, కుప్ప మొత్తం అంతే. ఆ రేకులు తుక్కుకే పనికొస్తాయి. మేనేజరు అందరినీ తన గదిలోకి పిలిచాడు. డ్రాయింగు బల్ల మీద పెట్టి, చూడండి, పైకి అని ఉండాల్సిన చోటల్లా కిందికి అని ఉంది, ఇదీ మీ ప్రోగ్రాం నిర్వాకం, అన్నాడు.

ఆమె ఆ కాగితం తీసుకుంది. తిరగేసి కిటికీ అద్దానికి ఆనించింది. వెలుతురులో వెనకనుంచి చూస్తే పటం మోడల్‌కు అచ్చంగా సరిపోయింది. ప్రోగ్రాం రాసినప్పుడు పటం ఈ వైపు ఉంది, తర్వాత ఎవరో పటాన్ని తిరగేశారు, పటం తిరిగింది గానీ మాటలు తిరగలేదు, అని చెప్పింది. ప్రోగ్రాం నడిచాక పటాన్ని తిప్పొద్దని ఆమె మా అందరికీ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఆ పటం మీద పనిచేసింది గోవిందప్ప. కొలతలు రాసుకోవడానికి వీలుగా ఉంటుందని పటాలు తిప్పుకోవడం ఆయనకు అలవాటు. గదిలో అందరికీ తెలుసు. గోవిందప్ప తన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

నేను ఊరుకోలేదు. ఆ పటం ఎవరి దగ్గర ఉండిందో, ఆయన తిప్పుతుంటే నేను చూసింది కూడా చెప్పాను. మేనేజరు నా వైపు చెయ్యి ఎత్తాడు, ఆగమన్నట్టు.

"ఎవరు తిప్పినారనేది కాదప్పా ఇప్పుడు. ఆయన చేత్తో రాసుకోనుంటే చూసి రాసుండేవాడు. ప్రోగ్రాం ఉండాదని నమ్ముకున్యాడు, ఇట్లయింది. ఇంక ఇది వద్దు. రేపట్నించి అందురూ టైపే కొట్టండి."

ఆమె కాగితాన్ని బల్ల మీద పెట్టింది. గొంతు పెంచలేదు. కోపిష్టి అనేవాళ్లు ఆ రోజు ఆ గొంతును గుర్తు తెచ్చుకోవాలి.

"మనిషి తప్పు చేస్తే పొరబాటంటారు. మిషను తప్పు చేయకున్నా మిషనును నమ్మగూడదంటారు. మీకు కావల్సింది తప్పులేని పని కాదు సార్, తిట్టేకి నోరులేనిది ఒగటి."

బయటికి వచ్చేసింది. గోవిందప్ప ఆ సాయంత్రం దాకా ఆమె కూర్చున్న వైపు రాలేదు.

వారం తిరగకముందే ఆ లోపం కూడా సరిచేసింది. పటాన్ని ఎవరైనా తిరగేస్తే, దాన్ని సేవ్ చేసేటప్పుడు ప్రోగ్రాం చూసుకుని, మాటలను కూడా మార్చేసేట్టు పెట్టింది. ఇక ఎవరెన్నిసార్లు తిప్పినా ఫరవాలేదు. ఒక్కసారి చూడమని మేనేజరును అడిగింది. చూద్దాం. ఆడిట్ ఉంది, అయ్యాక. చూద్దాం. యజమాని ఊర్లో లేడు, వచ్చాక. నేనూ రెండు మూడుసార్లు వెళ్లి అడిగాను. నీకెందుకప్పా ఈ తలనొప్పి, నీ పని నువ్వు చేసుకోపో, అన్నాడు.

ఆమె తన పటాలకు మాత్రం ప్రోగ్రాంనే వాడేది. ఆపమని చెప్పినా ఆపలేదు. మధ్యాహ్నానికల్లా తన పని ముగించి, చేతులు కట్టుకుని కూర్చునేది. ఆ కూర్చోవడమే ఆమె ధర్నా. మేనేజరు రెండు రోజులు చూసి, మూడోరోజు గోవిందప్ప పటాలు కొన్ని తెచ్చి ఆమెకు ఇచ్చాడు, ఊరికే ఉన్నావు కదమ్మా, ఇవి టైపు కొట్టు, అని. పని తొందరగా చేసినందుకు దొరికిన బహుమానం అది. ఆమె కొట్టింది. ఒక్క చూపుడు వేలితో, ఒక్కో అక్షరం, గది అంతా వినిపించేట్టు. సాయంత్రం దాకా ఆ టక్కు టక్కు వింటూ మాకు పిచ్చెక్కింది. ఆపమని చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

మానేసింది కూడా అలాగే. ఒక టీ తాగేంతసేపు చాలు సార్, వచ్చి చూడండి, అని ఆఖరిసారి అడిగింది. పండగ పోనీలేమ్మా, చూద్దాం, అన్నాడు. ఆమె తన కుర్చీ దగ్గరికి వచ్చి క్యారియరు, నీళ్ల సీసా తీసుకుంది. మెట్లు దిగి వెళ్లిపోయింది. అది పని మానేయడమని మాకు మర్నాడు రైల్లో ఆమె కనపడకపోతే గానీ అర్థం కాలేదు.

పెనుకొండ చుట్టుపక్కల కార్లకు విడిభాగాలు చేసే చిన్న చిన్న షెడ్లు చాలా వచ్చాయి. వాటిలో ఒకదాంట్లో చేరింది. ఆ షెడ్డు నడిపేవాడికి ఆమె చెప్పింది వినడం తప్ప వేరే దారి లేదు, డ్రాయింగులు గీసేవాళ్లు అక్కడ ఇంకెవరూ లేరు. అప్పటినుంచి పొద్దున రైలు పెనుకొండలో ఆగితే ఆమె దిగేది, నేను ఎక్కేవాణ్ణి. రైలు ఆగేది కొంచెంసేపు. ఆ కొంచెంలో ఒకటో రెండో మాటలు. "ఈడ తూటుకు పేరు పెడ్తారప్పా" అంది ఒకరోజు, రంధ్రాల గురించి. ఆమె ముఖంలో నేను చూసిన సంతోషం అంటే అదే. ఇంకోరోజు, మీ వాళ్లు ఇంకా టైపు కొడతాండారా అని అడిగింది. నేను సమాధానం చెప్పేలోపు రైలు కదిలింది.

నిజానికి ఎవరూ టైపు కొట్టడంలేదు. ప్రోగ్రాం మా అందరి కంప్యూటర్లలో అలాగే ఉంది. ఆమె వెళ్లిన కొన్నాళ్లకే అందరూ చాటుగా వాడడం మొదలుపెట్టారు. అందరికంటే ముందు వాడింది గోవిందప్ప. మేనేజరుకూ తెలుసు. టైపు కొడుతున్నట్టు మేమూ, కొడుతున్నారని నమ్ముతున్నట్టు ఆయనా. ఆమె ఉన్నప్పుడు ఒప్పుకోవడానికి నోరు రాని పనిని ఆమె లేనప్పుడు హాయిగా చేసుకున్నాం. ఈ మాట ప్లాట్‌ఫారం మీద ఆమెకు చెబితే, నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అట్లనా, అని తలవంచుకుని వెళ్లిపోయింది.

ఆ మధ్యే ఆమెకు జబ్బు మొదలైంది. డయాలసిస్‌కు అనంతపురం పోవాల్సిన రోజుల్లో రైల్లో కనపడేది కాదు. తర్వాత తర్వాత కనపడని రోజులే ఎక్కువయ్యాయి.

సరిగ్గా అప్పుడే మా సాఫ్ట్‌వేరు కొత్తది వచ్చింది. పాతది తీసి కొత్తది వేసిన రోజు నుంచి ప్రోగ్రాం నడవడం మానేసింది. మీట నొక్కితే ఎర్ర అక్షరాల్లో ఏదో వచ్చి ఆగిపోయేది. అందరూ నిజంగానే టైపు కొట్టాల్సి వచ్చింది. ఎవరికి చెప్పుకోవాలి? లేదని చెప్పిన ప్రోగ్రాం పాడైందని మేనేజరుతో ఎలా అనాలి? కొన్నాళ్లు ఓర్చుకుని, గోవిందప్ప నా దగ్గరికి వచ్చాడు. మేడంతో నువ్వు మాట్లాడతావు కదా, కొంచెం చూసిపెట్టమని అడుగు, అన్నాడు. నేను అడగనన్నాను. నువ్వే వచ్చి అడుగు, కావాలంటే ఇంటికి తీసుకుపోతా, అన్నాను. రాడనే అనుకున్నాను.

ఆదివారం వచ్చాడు. ఇద్దరం ధర్మవరం వెళ్లాం. ఒక సంచిలో యాపిల్ పండ్లు, లాప్‌టాప్ పట్టుకుని ఆమె ఇంటి గడపలో నిలబడ్డాడు. వాళ్లమ్మ లోపలికి రమ్మంది. ఆమె మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. చిక్కిపోయింది. డయాలసిస్ సూదులు గుచ్చిన ఎడమ చేతికి కట్టు. అదే బూడిదరంగు చుడీదారు, ఇప్పుడు వదులుగా. గోవిందప్ప ఆరోగ్యం గురించి అడగబోయాడు. ఆమె చెయ్యి చాపి లాప్‌టాప్ ఇమ్మంది.

తర్వాత మధ్యాహ్నం భోజనాల వేళ దాటేదాకా ఆమె మమ్మల్ని తిట్టింది. కొత్తది వేసేముందు పాతదాన్ని పక్కన దాచుకోవాలని తెలియదా? రంధ్రాలకు మళ్లీ పేర్లు పెట్టడం మానేశారా? ఎవరిదీ మోడల్, మనిషి గీసిందేనా? కుడిచేత్తో పని చేస్తూ, ఎడమచెయ్యి కదిలినప్పుడల్లా పళ్లు బిగబడుతూ, నాలుక చప్పరిస్తూ. వాళ్లమ్మ రెండుసార్లు వచ్చి, చాలు పండుకోమ్మా, అంది. వినలేదు.

గోవిందప్ప నీళ్లు తాగడానికి వాకిట్లోకి వెళ్లినప్పుడు నేను ఉండబట్టలేక అడిగేశాను. వీళ్లకెందుకక్కా చేసిపెడతావు, ఇంత జరిగినాక? నాకు నిజంగా కోపంగా ఉంది, ఆమె మీద కూడా. ఆమె తెర మీదినుంచి చూపు తిప్పలేదు.

"వీళ్లకు యాడ చేస్తాండానప్పా. పని చెడిపోయి ఉండాదని తెలిసినాక, దాన్ని అట్లనే ఇడ్సిపెట్టి పండుకునేకి నాకు చేతకాదు."

ప్రోగ్రాం నడిచింది. రాతలు వచ్చి కూర్చున్నాయి. ఆమె పటాన్ని ఒకసారి తిప్పి సేవ్ చేసింది. మాటలు మారాయి. మళ్లీ తిప్పింది. మారాయి. లాప్‌టాప్ మూసి గోవిందప్పకు ఇచ్చి, దిండు మీదికి వాలింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు, కదల్లేదు.

"ఆ పొద్దు మూత రేకుల పటం నేనే తిప్పింటినమ్మా."

"తెలుసన్నా."

"ఆడ చెప్పేకి నోరు రాలేదు."

ఆమె కళ్లు మూసుకుంది. "ఆడ చెప్పాల్సిన మాట ఈడ చెప్తే ఎవరికప్పా లాభం? వాళ్లు ఇంగా నా తప్పనే అనుకుంటాండారు. పోయి ఆడ చెప్పు" అంది. గొంతులో కోపం కూడా లేదు. అలసట మాత్రమే ఉంది. వాళ్లమ్మ మాకు భోజనం పెడతానంది. వద్దన్నాం.

సాయంత్రం రైల్లో గోవిందప్ప కిటికీ పక్కన కూర్చుని, లాప్‌టాప్ సంచిని ఒళ్లో పెట్టుకుని, బయటికి చూస్తూ ఉన్నాడు. చెబుతాడేమో, రేపు మేనేజరు గదిలోకి పోయి ఆ ఒక్కమాట చెబుతాడేమో అనుకుంటూ ఉన్నాను. చెబితే నేను పక్కన నిలబడాలని కూడా అనుకున్నాను. పెనుకొండ వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"సోమవారం నుంచి ఇంక టైపు కొట్టేపని ఉండదు కదప్పా?" అని అడిగాడు.

ఉండదన్నాను.